దండు దిగిన చోటే దేశం

అడిస్ అబాబా పాత ఊళ్లో ఒక వంతెన ఉంది. దాన్ని అందరూ హబ్తె గియోర్గిస్ వంతెన అంటారు. ఆ పేరుగల మనిషి ఇథియోపియాకు మొట్టమొదటి యుద్ధమంత్రి. పుట్టుకతో ఒరోమో జాతివాడు. రాజు మెనెలిక్ సైన్యం ఒరోమోల ఊళ్ల మీద పడినప్పుడు చేతికి చిక్కిన పిల్లాడు. బందీగా తెచ్చారు, నగరులో పెంచారు, చేతికి తుపాకీ ఇచ్చారు. ఏ సైన్యం తనను పట్టుకొచ్చిందో ఆ సైన్యానికే పెద్దగా ఎదిగి, 1926లో కన్నుమూసేదాకా రాజ్యంలో చక్రం తిప్పాడు.

ఇథియోపియా గురించి రాసేవాళ్లు మామూలుగా షేబా రాణి దగ్గర ఎత్తుకుంటారు. నాకు ఈ వంతెనే మంచి గుమ్మంలా కనిపిస్తుంది. పన్నెండు కోట్ల పైచిలుకు జనం, ఎనభైకి పైగా భాషలు ఉన్న ఈ దేశంలో 'మనవాళ్లు' ఎవరు, 'పైవాళ్లు' ఎవరు అనేది చాలాకాలం దండయాత్రలే తేల్చాయి. ఓడినవాణ్ని తెచ్చి తనవాడిగా మార్చుకోవడం, వాణ్ని మరో యుద్ధానికి పంపడం, ఆ గెలుపులో వాడికీ వాటా ఇవ్వడం. ఇక్కడ జాతి అనేది ఇలాగే పోగైంది. ఆ పోగులో ఇష్టంగా చేరినవాళ్లున్నారు, మెడ పట్టి ఈడ్చుకొచ్చినవాళ్లున్నారు. ఈరోజు ఆ దేశంలో జరిగే ప్రతి గొడవ వెనకా ఈ తేడానే ఉంది.

అసలు అడిస్ అబాబాయే ఒక దండు విడిది. 1886లో మెనెలిక్ భార్య తైతు బెతుల్, ఎంతోతో కొండ మీది చలికి విసిగి, కింద వేడినీటి బుగ్గలున్న ఫిల్వోహా దగ్గర ఇల్లు కట్టించుకుంది. ఊరికి 'కొత్త పువ్వు' అని పేరు పెట్టిందీ ఆమే. అంతకుముందు శతాబ్దాలపాటు ఇథియోపియా రాజులకు స్థిరమైన రాజధాని అంటూ పెద్దగా లేదు, గోండర్ లాంటి ఒకటి రెండు తప్ప. డేరా ఎక్కడ దిగితే అదే రాజధాని. చుట్టుపక్కల కట్టెలు, ధాన్యం అయిపోగానే దండు కదిలేది.

ఆ విడిది వేసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. మెరక మీద రాజు డేరా. ముందు భాగాన ఫితవరారి, కుడివైపు కెన్యాజ్మచ్, ఎడమవైపు గ్రాజ్మచ్. ఇవి పదవుల పేర్లే కాదు, దండులో వాళ్లు నిలిచే చోట్లు కూడా. ఎప్పుడు ఎక్కడ దిగినా ఎవరి డేరా ఎక్కడ పడాలో ఎవరూ అడగక్కర్లేదు. రాత్రివేళ మూత్రానికి లేచిన సిపాయి కూడా చీకట్లో తన చోటుకు తిరిగి రాగలడు. అడిస్ అబాబాలోనూ రాజుగారు ఒక గుట్ట మీద దిగారు, సర్దారులు తలా ఒక గుట్ట ఎంచుకున్నారు, వాళ్ల సిపాయిలూ నౌకర్లూ వంటవాళ్లూ చుట్టూ గుడిసెలు వేసుకున్నారు. ఆ ఒక్కో గుంపును 'సెఫెర్' అన్నారు. నేటికీ ఆ ఊరి పేటల్లో చాలావాటి పేర్ల చివర ఆ మాట ఉంటుంది. కట్టెలు అయిపోయి ఈ ఊరినీ వదిలేయాల్సిన పరిస్థితే వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి తెప్పించిన నీలగిరి చెట్లు తొందరగా ఎదిగి ఆదుకోబట్టి విడిది కాస్తా నగరంగా నిలబడింది.

రాణి కథ, రాళ్ల కథ

పుట్టుపూర్వోత్తరాల సంగతి. మనుషుల పూర్వీకుల లెక్కలో చూస్తే ఈ నేలకు పోటీ లేదు. 1974లో అఫార్ ప్రాంతంలోని హదర్ దగ్గర దొరికిన 'లూసీ' ఎముకల వయసు 32 లక్షల ఏళ్లు. ఇథియోపియన్లు ఆమెను దిన్‌కినెష్ అని ముద్దుగా పిలుచుకుంటారు.

రాజవంశం మాత్రం తన పుట్టుకను జెరూసలేముకు ముడిపెట్టుకుంది. షేబా రాణి సొలోమోను రాజును చూడబోయిందనీ, వాళ్లకు పుట్టిన మొదటి మెనెలిక్ అక్కడి పవిత్ర మందసాన్ని అక్సుమ్‌కు తెచ్చాడనీ కథ. 1270లో గద్దెనెక్కిన యెకునో అమ్లాక్ వంశం తామే ఆ సంతతి అని చెప్పుకుంది. 1974లో చక్రవర్తి హైలే సెలాసీని దించేసేదాకా అదే రాజముద్ర. పండితులు దీన్ని చరిత్రగా ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా దాని బలం తగ్గదు, అక్సుమ్‌లో ఆ మందసం ఉందని నమ్మే గుడి వాకిట్లో నిలబడి ఎవరూ ఆ మాట పైకి అనరు.

రాళ్లు చెప్పే కథ వేరు. అడ్వా ఊరికి దగ్గర్లో యెహా అనే చోట క్రీస్తుకు శతాబ్దాల ముందు కట్టిన రాతి గుడి ఉంది. ఎర్రసముద్రం అవతల, యెమెన్‌లోని సబా రాజ్యపు గుడుల పోలిక దానిలో స్పష్టంగా కనిపిస్తుంది. అవతలి ఒడ్డు జనం, ఇవతలి ఒడ్డు కుషిటిక్ జనం కలిసి అల్లిన నాగరికత అది. దాని తర్వాత అక్సుమ్. సొంత బంగారు నాణేలు వేసిన రాజ్యం. దాని రేవు అదూలిస్‌కు మన దేశపు ఓడలు వెళ్లేవి. దెబ్రె దామో మఠంలో కుషాణుల బంగారు నాణేలు కుప్పగా దొరికాయి. నాలుగో శతాబ్దంలో ఎజానా రాజు క్రైస్తవం తీసుకున్నాడు. దాదాపు అదే కాలంలో వాళ్ల గీజ్ లిపిలో అచ్చుల గుర్తులు వచ్చాయి. ఒక్కో హల్లుకు ఏడు రూపాలు. మన గుణింతం నేర్చిన పిల్లాడికి అమ్హారిక్ బోర్డు చదవడం నేర్పితే గట్టిగా నెల రోజుల పని. ఆరో శతాబ్దంలో కలేబ్ రాజు సముద్రం దాటి యెమెన్ మీదకు దండెత్తాడు. 615 ప్రాంతంలో మక్కాలో వేధింపులు పడలేక పారిపోయి వచ్చిన తొలి ముస్లింలకు ఈ అక్సుమ్ రాజే ఆశ్రయమిచ్చాడు.

అమ్హారాలు, తిగ్రాయన్లు ఈ అక్సుమ్ వారసత్వం తమదంటారు. సంఖ్యలో అందరికంటే పెద్ద జాతి ఒరోమోలది. వాళ్లు పదహారో శతాబ్దంలో దక్షిణం నుంచి విస్తరిస్తూ వచ్చారు. వాళ్ల 'గదా' వ్యవస్థలో మగవాళ్లు వయసు తరగతులవారీగా పదవుల్లోకి వస్తారు, ఎనిమిదేళ్లకోసారి అధికారం చేతులు మారుతుంది. రాజు కొడుకే రాజు అనే ఉత్తరాది లెక్కకు ఇది పూర్తిగా ఎదురు. సొమాలీలు, అఫార్లు, సిదామాలు, గురాగేలు, వొలాయితాలు, ఇంకా ఎందరో. వీళ్లలో ఎవరి తాతలకూ సొలోమోనుతో చుట్టరికం లేదు.

బొంబాయి ఏనుగులు

మధ్యయుగం యుద్ధాలు రాస్తే గ్రంథమవుతుంది. ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. 1529 నుంచి పద్నాలుగేళ్లపాటు అదల్ సుల్తానుల సేనాని అహ్మద్, 'ఎడమచేతివాటం వాడు' అని క్రైస్తవులు పిలిచే గ్రాన్, ఎత్తుభూముల రాజ్యాన్ని చిత్తుచేశాడు. గుడులు తగలబడ్డాయి. చివరికి రాజుకు సాయంగా వచ్చింది పోర్చుగీసు గోవా నుంచి బయల్దేరిన నౌకాదళం. వాస్కో డ గామా కొడుకు క్రిస్టోవా నాలుగొందల తుపాకులతో దిగి, 1542లో పట్టుబడి తల పోగొట్టుకున్నాడు. మరుసటేడు అహ్మద్ కూడా పోయాడు. ఎత్తుభూముల్లో తల్లులు ఆ పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టారు. మొగదిషులో సొమాలీలు అతనికి విగ్రహం కట్టారు.

ఆ తర్వాత మన దేశం నుంచి వచ్చిన దండు ఇంకా పెద్దది. 1855లో గద్దెనెక్కిన టెవోడ్రోస్‌కు ముక్కలైన రాజ్యాన్ని అతికించాలని ఆశ. ఫిరంగులంటే వెర్రి. గఫాత్‌లో ఉన్న యూరప్ మిషనరీల చేత ఏడు టన్నుల పెద్ద ఫిరంగి పోత పోయించి దానికి సెబాస్టపోల్ అని పేరు పెట్టాడు. విక్టోరియా రాణికి రాసిన ఉత్తరానికి జవాబు రాలేదన్న కోపంతో బ్రిటిష్ కాన్సుల్‌తోపాటు మరికొందరిని బంధించాడు. వాళ్లను విడిపించడానికి 1868లో జనరల్ నేపియర్ బొంబాయి నుంచి పదమూడు వేలమంది సైనికులతో వచ్చాడు. అందులో సగానికి మించి భారతీయ సిపాయిలు. 44 ఏనుగులు ఓడలెక్కి ఎర్రసముద్రపు ఒడ్డున దిగి, ఫిరంగులు మోస్తూ కొండలెక్కాయి. మద్రాస్ సాపర్లు అనే ఇంజనీరింగ్ సిపాయిలు కూడా ఆ దండులో ఉన్నారు. ఆ కాలంలో ఆ దళంలో తమిళులతోపాటు మనవాళ్లూ ఉండేవాళ్లు.

టెవోడ్రోస్ అప్పటికే సొంత జనానికి దూరమయ్యాడు. సెబాస్టపోల్‌ను కొండల మీదుగా మగ్దలా కోటకు లాక్కెళ్లడానికి నెలల తరబడి దారి తొలిపించాడు, తానూ రాళ్లు ఎత్తాడు. ఆ ఫిరంగి వల్ల ఒరిగింది మాత్రం ఏమీ లేదు. ఏప్రిల్ 13న కోట పడుతున్నప్పుడు పిస్తోలుతో కాల్చుకున్నాడు. ఆ పిస్తోలు అంతకుముందెప్పుడో విక్టోరియా రాణి కానుకగా పంపిందే. గుడుల గ్రంథాలు, కిరీటాలు ఏనుగుల మీద, కంచరగాడిదల మీద కిందికి దిగిపోయాయి. ఏడేళ్ల కొడుకు అలెమయెహును ఇంగ్లండు తీసుకెళ్లారు. పద్దెనిమిదో ఏట అక్కడే పోయాడు, విండ్సర్‌లో పూడ్చారు. ఎముకలు తిరిగివ్వమని ఇథియోపియన్లు అడుగుతూనే ఉన్నారు. 2023లో కూడా బకింగ్‌హామ్ రాజప్రాసాదం కుదరదనే చెప్పింది.

అడ్వా

ఇక 1896 మార్చి 1. ఆఫ్రికా ఖండాన్ని యూరప్ దేశాలు అన్నదమ్ముల్లా పంచుకుంటున్న రోజుల్లో ఒక నల్లజాతి రాజ్యం యూరప్ సైన్యాన్ని ఒక్క పూటలో ఊడ్చిపెట్టిన రోజు.

తగవు ఒక కాగితం దగ్గర మొదలైంది. 1889 నాటి వుచాలే ఒప్పందంలో పదిహేడో ఖండిక అమ్హారిక్ ప్రతిలో ఒక రకంగా, ఇటాలియన్ ప్రతిలో ఇంకో రకంగా ఉంది. విదేశీ వ్యవహారాల్లో ఇటలీ సాయం కావాలంటే తీసుకోవచ్చని మెనెలిక్ సంతకం పెట్టాడు, తీసుకుని తీరాలని ఇటలీ చదివింది. అంటే సామంతుడన్నమాట. మెనెలిక్ ఒప్పందాన్ని రద్దుచేశాడు.

అప్పటికి దేశం ఏ స్థితిలో ఉందో చూడండి. 1888 నుంచి నాలుగేళ్లు 'చెడ్డ రోజులు' నడిచాయి. మస్సావా రేవులో దిగిన పశువుల నుంచి పారుడు రోగం అంటుకుంది. ఇటలీ సైన్యం కోసం భారతదేశం నుంచి తెచ్చిన పశువులే మూలమని చాలామంది రాశారు. పదింట తొమ్మిది ఎడ్లు పోయాయి, దున్నేవాడు లేడు, పైన మిడతలు. మూడోవంతు జనం పోయారని అంచనా. ఆ కరువు తీరి నాలుగేళ్లు కాకముందే మెనెలిక్ లక్షమందిని ఉత్తరానికి నడిపించాడు.

తుపాకులు ఎక్కడివి? ఈ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగరు. కొన్ని వేలు ఇటలీయే స్నేహంగా ఉన్నప్పుడు ఇచ్చింది. ఫ్రెంచి వర్తకులు అమ్మారు, రష్యా పంపింది. కొనడానికి సొమ్ము దక్షిణం నుంచి వచ్చింది. ఏనుగు దంతాలు, జవ్వాజి, బంగారం, కాఫీ, బానిసలు. మెనెలిక్ సైన్యం ఒరోమో, గురాగే, వొలాయితా దేశాలను ఒక్కొక్కటిగా లొంగదీసుకుని ఆ సరుకు రాబట్టింది. ఆ సరుకుతో తుపాకులు కొంది. ఆ తుపాకులతో ఇంకాస్త దక్షిణానికి పోయింది. ఆ గెలుపుల్లో చాలావాటికి సేనాని రాస్ గొబానా స్వయంగా ఒరోమో. గెలిచిన చోట సిపాయిలను కాపురం పెట్టి, జీతానికి బదులు రైతు కుటుంబాలను రాసిచ్చేవాళ్లు. ఆ రైతు దున్ని పెట్టాలి, కట్టెలు కొట్టాలి, ఇల్లు కప్పాలి. తుపాకీవాడు అనే అర్థంలో 'నెఫ్తెన్యా' అని ఆ సిపాయిలను పిలిచారు. ఇప్పుడు రాజకీయ సభల్లో అమ్హారాలను తిట్టాలంటే ఆ మాటే వాడతారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మెనెలిక్ ఇంట గెలిచిన తీరు ఇది.

దండు నడక సంగతి మన కంటికి కట్టాలంటే సిపాయిని కాక అతని వెనక నడిచే మనిషిని చూడాలి. ఎవరి తిండి వాళ్లే తెచ్చుకోవాలి. కంచరగాడిద మీద వేయించిన శనగలు, బార్లీ, పిండి. పక్కన భార్య, ఇంకా ఓ నౌకరు. సాయంత్రం దిగగానే ఆడవాళ్లు తిరగలి తిప్పాలి, నీళ్లు తేవాలి. పోరు మొదలయ్యాక నీటి కుండలతో వరుసల మధ్యకు పోయిందీ, గాయపడ్డవాళ్లను మోసిందీ వాళ్లే. తెచ్చుకున్నది అయిపోతే దారిలో పడిన ఊరు పెట్టాలి. అలా లక్షమంది దాటిపోయిన ఊరికి మిడతల దండు వేరే అక్కర్లేదు. ఉత్తరాన తిగ్రాయ్ రైతులకు అడ్వా గెలుపు ఎంత గుర్తో ఆ తిండి బాకీ కూడా అంతే గుర్తు.

తైతు రాణి సొంత దండుతో వచ్చింది. జనవరిలో మెకెలె కోటలో ఇటలీవాళ్లు గట్టిగా కూర్చుని ఉంటే, గోడల మీద సిపాయిలను చంపుకోవడం ఎందుకు, నీటి ఊట పట్టుకోండి అన్నది ఆమే. పట్టుకున్నారు. కొద్దిరోజుల్లో కోట ఖాళీ అయింది. భర్త మెతక మాట మాట్లాడిన ప్రతిసారీ ఆమె కటువుగా నిలబడింది. నన్నడిగితే అడిస్ అబాబాలో గుర్రం మీదున్న మెనెలిక్ విగ్రహం పక్కన ఆమెకూ గుర్రం ఉండాల్సింది.

ఫిబ్రవరి నెలాఖరుకు ఇరుపక్షాలకూ గింజలు అడుగంటాయి. ఇంకో వారం ఆగితే మెనెలిక్ వెనుదిరిగేవాడే. రోమ్‌లో ప్రధాని క్రిస్పి ఆగలేకపోయాడు, జనరల్ బరాతియేరీని తంతుల మీద తంతులు పంపి ఎగదోశాడు. బరాతియేరీ దగ్గర సుమారు 17,700 మంది, 56 ఫిరంగులు. అందులో ఎరిత్రియా నుంచి చేర్చుకున్న అస్కారీలు ఏడు వేలమంది. ఫిబ్రవరి 29 రాత్రి మూడు దళాలు చీకట్లో కొండదారుల్లో కదిలాయి. చేతిలో ఉన్న నక్షా తప్పు. కిదానె మెహ్రెత్ అనే గుట్ట ఒకచోట ఉంటే నక్షాలో ఇంకోచోట గీసి ఉంది. జనరల్ అల్బెర్తోనె నక్షాను పక్కనపెట్టి, దారి తెలిసినవాళ్లు చూపిన అసలు గుట్ట వెతుక్కుంటూ మిగతా దళాలకు అందనంత ముందుకు పోయాడు. తెల్లవారేసరికి ఇథియోపియా దండు మధ్యలో ఒంటరిగా ఉన్నాడు.

ఆ రోజు ఆదివారం, వాళ్ల పంచాంగంలో సెయింట్ జార్జి దినం. మెనెలిక్ ప్రార్థనలో ఉండగా వేగులు వచ్చారు. మధ్యాహ్నానికి అల్బెర్తోనె బందీ. దబోర్మిదా, అరిమోంది ఇద్దరు జనరళ్లూ చచ్చారు. యాభై ఆరు ఫిరంగులూ పోయాయి. ఇటలీ పక్షాన ఆరు వేలమందికి పైగా పడిపోయారు. ఇథియోపియన్లలోనూ వేలమంది పోయారు. క్రిస్పి ప్రభుత్వం కూలింది. అక్టోబరులో ఇటలీ ఇథియోపియా స్వతంత్రాన్ని ఒప్పుకుంటూ కొత్త ఒప్పందం రాసింది.

ఇటలీ బందీలకు బతుకు దక్కింది. అస్కారీల సంగతి వేరు. పరాయివాడి జెండా కింద సాటివాడి మీదకు వచ్చారని వందలమందికి కుడిచెయ్యి, ఎడమకాలు నరికేశారు. విజయగాథలు చెప్పేచోట ఇది తక్కువ వినిపిస్తుంది. ఇంకొకటి కూడా. గెలిచిన మెనెలిక్ మెరెబ్ నది దాటలేదు. గింజలు లేక, లేదా ఉన్నది చాలనుకుని వెనక్కి వచ్చేశాడు. అవతలి ఎరిత్రియా ఇటలీకే మిగిలింది. ఒకే తిగ్రిన్యా భాష, ఒకే గుడి ఉన్న జనం నది మీద గీతతో రెండు దేశాలయ్యారు.

బల్చా

ఆ రోజు ఇథియోపియా ఫిరంగులు నడిపినవాళ్లలో బల్చా సఫో ఒకడు. ఒరోమో అని కొందరు, గురాగే అని కొందరు అంటారు. మెనెలిక్ సైన్యం దక్షిణం మీద పడినప్పుడు పిల్లాడు. పోరు ముగిశాక వృషణాలు కోసేసి రక్తంలో వదిలేసి ఉంటే చూసి, జాలిపడి నగరుకు తెచ్చి పెంచారు. ఆ కాలపు యుద్ధాల్లో శత్రువు అంగం కోసి తెచ్చుకోవడం పౌరుషానికి గుర్తు. ఆ పిల్లాడు ఏ సైన్యం చేతిలో అలా అయ్యాడో ఆ సైన్యానికే అడ్వాలో వీరుడయ్యాడు. దెజాజ్మచ్ బిరుదు వచ్చింది, సిదామోకు పాలకుడయ్యాడు. తననెలా లొంగదీశారో దక్షిణపు రైతులను అంతకంటే గట్టిగా లొంగదీశాడు.

ఇథియోపియా వీరులకు గుర్రం పేరు బిరుదవుతుంది. బల్చా అంటే 'అబ్బా నెఫ్సో', మెనెలిక్ 'అబ్బా దన్యో', టెవోడ్రోస్ 'అబ్బా తాతెక్'. జనం అసలు పేరుకంటే ఆ పేర్లే ఇష్టంగా పలుకుతారు.

1928లో, తర్వాత హైలే సెలాసీ అయిన రాస్ తఫారీ, మొండికేస్తున్న బల్చాను రాజధానికి పిలిచాడు. ముసలాయన వేలమంది సిపాయిలతో వచ్చి ఊరి బయట దిగాడు. తఫారీ మర్యాదగా విందుకు ఆహ్వానించాడు. విందు జరుగుతుండగా తఫారీ మనుషులు విడిదికి పోయి సిపాయిలకు డబ్బిచ్చి ఇళ్లకు పంపేశారు. బల్చా తిరిగొచ్చి చూస్తే దండు లేదు. పాత యుద్ధరాజ్యం పోయి కొత్త ప్రభుత్వం వచ్చిందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఘట్టం నాకు కనపడలేదు. ఖైదు, ఆపైన సన్యాసం. ఇటలీ మళ్లీ వచ్చినప్పుడు డెబ్భై దాటిన ఆ సన్యాసి తుపాకీ పట్టి 1936లో పోరులోనే చచ్చిపోయాడు. అడిస్ అబాబాలో రష్యన్లు నడిపే ఆసుపత్రికి ఆయన పేరే ఉంది.

ఇలా పట్టుబడిన పిల్లలు మన దక్కనుకూ వచ్చారు. బానిసగా చేతులు మారుతూ అహమద్‌నగర్ చేరి, మొగలులను ముప్పుతిప్పలు పెట్టి, ఔరంగాబాద్‌గా మారిన ఖడ్కీని కట్టించిన మాలిక్ అంబర్ పుట్టింది హరార్ ప్రాంతంలో. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అని పిలిచే పేట నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటు. వనపర్తి సంస్థానం పెంచిన ఆ దళం తర్వాత నిజాం సైన్యంలో కలిసిందంటారు. వాళ్లందరూ ఇథియోపియా నుంచే వచ్చారనడం కుదరదు, తూర్పు ఆఫ్రికా పొడవునా అనేక చోట్ల నుంచి వచ్చారు. అయినా హబ్షీ అన్న పేరు అందరికీ ఆ దేశం నుంచే అంటుకుంది. మన పెళ్లి బరాత్‌లలో దుమ్ము రేపే మర్ఫా వాళ్లు తెచ్చిందేనంటారు.

విషవాయువు, కొరియా, హరార్

1935లో ముసోలినీ అడ్వా పగ తీర్చుకోవడానికి వచ్చాడు. ఈసారి విమానాలు, మస్టర్డ్ గ్యాస్. చెప్పులు లేని సిపాయిల కాళ్లు గడ్డి మీద పడిన విషంతో కాలిపోయాయి. 1936 మే 5న అడిస్ అబాబా పడింది. జెనీవాలో నానాజాతి సమితి ముందు హైలే సెలాసీ మొరపెట్టుకున్నా ఎవరూ కదల్లేదు. 1937 ఫిబ్రవరిలో గవర్నర్ గ్రాజియానీ మీద ఇద్దరు యువకులు బాంబులు విసిరితే, మూడు రోజులపాటు ఊరిని నరికారు, తగలబెట్టారు. పంతొమ్మిది వేలమంది పోయారని ఒక లెక్క, ముప్పై వేలని ఇథియోపియా లెక్క. అడ్వా వీరులకు వారసులైన 'అర్బెన్యోచ్' కొండలు పట్టి ఐదేళ్లు పోరాడారు. 1941లో బ్రిటిష్ పక్షాన భారత నాలుగు, ఐదు డివిజన్లు ఎరిత్రియాలోని కెరెన్ కొండల మీద ఇటలీ నడుం విరిచాయి. సుబేదార్ రిచ్‌పాల్ రామ్‌కు అక్కడ చనిపోయాక విక్టోరియా క్రాస్ వచ్చింది. పశ్చిమాన గోండర్ దారిలో నాలుగు రోజులు పొద్దున్నుంచి సాయంత్రందాకా మందుపాతరలు ఏరిన సెకండ్ లెఫ్టినెంట్ ప్రేమీంద్ర సింగ్ భగత్‌కూ అదే పతకం. రాజధాని పడిన సరిగ్గా ఐదేళ్లకు, మే 5నే, చక్రవర్తి అందులో మళ్లీ అడుగుపెట్టాడు.

1951లో కొరియాకు వెళ్లిన ఇథియోపియా దళానికి కన్యూ అని పేరు. అది కూడా గుర్రం పేరే, అడ్వా కాలంలో హైలే సెలాసీ తండ్రి ఎక్కినది. ఆ దళంలో నూటఇరవై మందికి పైగా చనిపోయారు. శత్రువుకు ఖైదీగా చిక్కినవాడు ఒక్కడూ లేడు. హరార్‌లో సైనిక అకాడమీని 1950ల చివర్లో మన సైన్యపు అధికారులే నిలబెట్టారు. ఆ తర్వాత బడుల్లో భారతీయ మాస్టర్లు, ఇటీవల విశ్వవిద్యాలయాల్లో మన తెలుగు లెక్చరర్లు. ఇథియోపియాతో మనకున్న పరిచయంలో ఎక్కువ భాగం ఈ నల్లబల్ల మీదుగానే.

1974లో సైనికులే రాజును దించారు. ఆ సైనిక ప్రభుత్వాధినేత మెంగిస్తు సాగించిన ఎర్ర బీభత్సం, సొమాలియాతో ఒగాడెన్ యుద్ధం, కరువు, 1991లో ఆ ప్రభుత్వ పతనం. మధ్యలో ఇథియోపియాలో కలిసిన ఎరిత్రియా 1993లో మళ్లీ వేరుపడింది. 1998లో బద్మె అనే చిన్న ఊరి కోసం రెండు దేశాలు కొట్టుకుంటే పదుల వేలమంది చచ్చారు. మెరెబ్ మీది గీత ఖరీదు అది.

ఒకే గెలుపు, ఎవరి పండగ?

ప్రతి ఏటా, వాళ్ల పంచాంగం లెక్కన, మార్చి 2న అడ్వా దినం. సెయింట్ జార్జి గుడి ముందు గుర్రం మీద మెనెలిక్ విగ్రహం. ఇటలీవాళ్లు పీకి పూడ్చిపెడితే మళ్లీ తవ్వి నిలబెట్టింది. తెల్లని నెతెలా శాలువాలు, ఆకుపచ్చ పసుపు ఎరుపు అంచులు, డాళ్లు, కత్తులు, శత్రువును పేరుపేరునా సవాలు చేసే వీరాలాపనలు. జమైకా నుంచి దక్షిణాఫ్రికా దాకా నల్లజాతి ఉద్యమాలు ఈ గెలుపును తమదిగా చెప్పుకున్నాయి. ఆఫ్రికాలో ఎన్నో దేశాల జెండాల్లో ఆ మూడు రంగులు అందుకే ఉన్నాయి.

ఆగ్నేయంగా అర్సీ వైపు పోతే అనోలే దగ్గర ఇంకో స్మారకం. 2014లో పెట్టారు. పైకెత్తిన చెయ్యి, ఆ చేతిలో కోసిన స్తనం. మెనెలిక్ సైన్యం 1886లో ఒరోమోల చేతులు, రొమ్ములు నరికిందని వాళ్లు చెప్పుకునే గుర్తు. అంత వివరంగా జరిగిందా అని వాదించే చరిత్రకారులు ఉన్నారు. అర్సీ లొంగడానికి ఏళ్లు పట్టిందనీ, నెత్తురు పారిందనీ ఎవరూ కాదనరు. ఆ అర్సీ పొరుగు ఒరోమో రౌతులే పదేళ్లకు అడ్వాలో ఇటలీవాళ్ల వెంటపడి తరిమారు. రెండూ నిజమే అని ఒప్పుకునే ప్రభుత్వం ఇంకా రాలేదు. 2023లో మెనెలిక్ విగ్రహం దగ్గర గుమిగూడిన జనం మీద పోలీసులు బాష్పవాయువు వదిలారు. పండగ మెస్కెల్ మైదానంలోనే చేసుకోవాలని సర్కారు మాట. 2024 ఫిబ్రవరిలో ఆ విగ్రహం ఉన్న పియాసా పేటలోనే పెద్ద అడ్వా స్మారక మ్యూజియం తెరిచారు. విజయం మెనెలిక్‌దా, జాతులన్నిటిదా అనే తగవు దాని గడప దగ్గరే మొదలైంది.

అసలు అడ్వా ఊరు ఈ తగవులో లేదు. అది తిగ్రాయ్‌లో ఉంది. 2020 నవంబరులో కేంద్ర సైన్యానికీ తిగ్రాయ్ దళాలకూ యుద్ధం మొదలైంది. అంతకు ఏడాది ముందే ప్రధాని అబీ అహ్మద్‌కు ఎరిత్రియాతో సంధి చేసినందుకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ ఎరిత్రియా సైన్యమే ఈ యుద్ధంలో కేంద్రానికి తోడుగా మెరెబ్ దాటి వచ్చింది. అక్సుమ్‌లో, మందసం ఉందని నమ్మే ఊళ్లో, వీధుల్లో వందలమందిని కాల్చారు. నెగాష్‌లో తొలి ముస్లింల జ్ఞాపకంగా ఉన్న మసీదు దెబ్బతింది. అడ్వాలో ఊరికి తిండి పెట్టే అల్మేదా బట్టల మిల్లు నాశనమైంది. 2021 మార్చిలో అడ్వా 125వ వార్షికోత్సవాన్ని అడిస్ అబాబాలో డప్పులతో జరుపుకున్నారు. ఆ రోజుల్లో అడ్వా వీధుల్లో తుపాకులతో తిరుగుతున్నది మెనెలిక్ నది అవతల వదిలేసిన జనం మనవలు, మునిమనవలు.

2022 నవంబరు 2న ప్రిటోరియాలో సంధి కుదిరింది. ఆరు లక్షలదాకా పోయి ఉంటారని ఆఫ్రికన్ యూనియన్ తరఫున మధ్యవర్తిగా ఉన్న ఒబసాంజో చెప్పారు. ఆ లెక్క ఎవరూ తలలు లెక్కపెట్టి తేల్చింది కాదు. పశ్చిమ తిగ్రాయ్ ఎవరిదో ఇంకా తేలలేదు. అక్కడి నుంచి తరిమేసిన కుటుంబాలు ఏళ్లు గడిచినా అడ్వా, షిరె, మెకెలె బడుల ఆవరణల్లో, శిబిరాల్లో రేషన్ గోధుమల కోసం వరుస కట్టాయి. వాళ్ల ముత్తాతల్లో కొందరు మెనెలిక్ దండులో నడిచారు, కొందరు దానికి తిండి పెట్టారు.